వల్లెమ్మ బిందె

శకుంతలమ్మ తమ బావి నీళ్ళు తాగేది కాదు. ఎగువకండ్రిగలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఇంటి వెనక చేను, చేను చివర బావి. అయినా ఆమె బిందె చంకన పెట్టుకుని ఊరి నడుమ ఉన్న చేదబావిదాకా నడిచిపోయేది.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి బావికి కపిల ఉండేది. ఎద్దులు వెనక్కీ ముందుకూ నడుస్తుంటే తోలుతిత్తి నిండి పైకొచ్చి కాలవలో కుమ్మరించేది. ఆ రోజుల్లో శకుంతలమ్మ గొంతుకు ఊళ్ళో పేరుండేది. కలుపు తీసేచోట పాట ఎత్తుకునేది ఆమే. “మే, నీ గొంతు సత్యవేడుదాకా ఇనబడతాది, కొంచెం తగ్గించు” అని అత్త కసిరేది. కసురుతూనే పాట అయిపోయేదాకా అక్కడే కూర్చునేది.

ఆమెకు ఒక్కతే కూతురు. పేరు వల్లెమ్మ. పైట వేసుకునే ఈడు రాకముందే ఒక సాయంత్రం ఇత్తడి బిందె తీసుకుని బావికి పోయింది. మెట్టు మీద పాచి ఉంది. జారింది.

ఆ సమయానికి, అంటరానివాళ్ళని ఊరు దూరంపెట్టిన వాడ ఆడవాళ్ళు చేనుకు అవతల ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్ళు తోడుకుంటున్నారు. కేక మొదట విన్నది వాళ్ళే. చెంగమ్మ అనే ఆమె పరుగెత్తుకొచ్చింది. గట్టుదాకా వచ్చి, అక్కడ ఆగిపోయి, ఊరంతా లేచేట్టు అరిచింది. ఆ బావి మెట్ల మీద వాడవాళ్ళు కాలు పెట్టకూడదు. వల్లెమ్మ నాయన మునిరామయ్య చెరకుతోటలోనుంచి వచ్చి దూకేసరికి ఆలస్యమైపోయింది. ఆ దూకడంలో ఆయన ఎడమచెయ్యి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు, ఎముక వంకరగా అతుక్కుంది. ముసురు పట్టినప్పుడు మాత్రం ఇప్పటికీ సలుపుతుంది.

పిల్ల దొరికింది. బిందె దొరకలేదు.

పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్ల ఎక్కడికీ పోదు, ఇంటి పేరంటాలై నిలుస్తుంది. వల్లెమ్మకు బావిగట్టు మీద రాయి నాటారు. ఏటా ఆషాఢంలో వచ్చే ఆడినెల శుక్రవారం ఆ రాయికి పసుపు పూసి, పొంగలి పెట్టి, గాజులూ ఒక కొత్త పావడా ముందుంచి మొక్కుకునేవారు. తరువాత ఆ పావడను ఇంటికి తెచ్చి వెదురుపెట్టెలో దాచేవారు. వంశం వాళ్ళు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. “పేరంటాలు ఇంటి మనిషి. పరాయి చెయ్యి తగిలిందా, తిరిగి సూడకుండా ఎల్లిపోతాది” అని అత్త చనిపోయేముందు కూడా చెప్పి పోయింది.

శకుంతలమ్మ ఏటికేడాది ఆ పావడ పొడుగు పెంచుతూ వచ్చింది. రెండో ఏడు దర్జీ కుప్పుస్వామి పాత కొలతకే కుడతానన్నాడు. ఆమె వేలితో చూపించి, “ఇంత పెంచు” అంది. కొన్నేళ్ళకు అది పావడ కాకుండా పరికిణీ అయింది, ఓణీ కూడా కొనవలసి వచ్చింది.

“చచ్చిపోయిన పిల్ల పెరగతాదా మే?” అన్నాడు మునిరామయ్య ఒకసారి.

“పెరగకుండా ఎట్ల ఉంటాది? నీళ్ళలో గదా ఉండాది” అంది ఆమె.



ఇంకొక సంగతి ఆమె ఆయనకు కూడా చెప్పలేదు. దీపాలు పెట్టేవేళ ఆమె వెనక వాకిట్లో నిలబడేది. పక్షులు సద్దుమణిగాక, చేను అవతలినుంచి ఒక చప్పుడు వచ్చేది. బిందె నీళ్ళలో మునిగే చప్పుడు. వల్లెమ్మ బిందె మూతి దగ్గర సొట్ట ఉండేది. అందువల్ల అది ఒక్క గుటకలో మునిగేది కాదు. సగం మునిగి, ఊపిరి పట్టినట్టు ఆగి, తరువాత గబగబా నిండేది. ఆ ఆగడం వినపడగానే శకుంతలమ్మకు ప్రాణం కుదుటపడేది. లోపలికి వచ్చి అన్నం వడ్డించేది. వినపడకపోతే ఆ పూట ఏదో పని పెట్టుకుని తినేది కాదు.

వల్లెమ్మ పోయినప్పటినుంచి ఆ బావిలో నీళ్ళు తోడలేదు. కపిల విప్పేశారు. చెరకు కొట్టేసి, వానకు పండే వేరుశనగ వేసుకున్నారు. బావి నిండుతూ, ఆకులు రాలి నల్లబడుతూ, ఎవరి ముఖమూ చూడకుండా ఉండిపోయింది.

అప్పుడు కరువొచ్చింది. వరసగా వానలు మొహం చాటేశాయి. ఊరి చేదబావిలో బురద పైకి రావడం మొదలైంది. ఏటి చెలమలు ఎంత లోతు తవ్వినా తడి ఇసుకే. వాడ ఆడవాళ్ళు బండ్లదారి పట్టి పక్క ఊరికి పోయి, అక్కడ తిట్లు తిని, అర బిందె తెచ్చుకునేవారు. ఎగువకండ్రిగలో నీళ్ళున్నది ఒక్క బావిలోనే.

ఒక ఉదయం తలారి తప్పెట కొట్టుకుంటూ వచ్చి కపిల రాతికి ఒక కాగితం అంటించిపోయాడు. మునిరామయ్య ఇంటికొచ్చి పంచలో కూలబడ్డాడు.

“బావి గవర్మెంటు తీసుకుంటాదంట మే. ఊరికీ వాడకూ తాగే నీళ్ళకంట. చెప్పుకునేది ఏమన్నా ఉంటే పుత్తూరు ఆఫీసుకొచ్చి చెప్పుకోమన్నారు.”

“బిడ్డనెట్ల ఇస్తారు?” అంది శకుంతలమ్మ.

“బిడ్డని కాదే, బావిని.”

“రెండూ ఒకటే గదా.”

ఇద్దరూ తిరుపతికి పోయారు. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో దేవనాథన్ అనే వకీలు ఉండేవాడు. మునిరామయ్య తండ్రి కాలంనుంచి ఆ ఇంటికి రాకపోకలున్నాయి. ఆయన కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

“మునిరామయ్యా, ఒక ఆరేళ్ళ ముందు వచ్చుంటే ఆస్తి నా ప్రాథమిక హక్కు అని గట్టిగా అరిచుండొచ్చు. గెలిచేవాడివని కాదు, అరవడానికి ఒక చోటుండేది. రాజ్యాంగంలో ఆ హక్కును ఆ చోటునుంచి తీసేసినారు. ఇప్పుడు చట్టప్రకారం తీసుకుంటే మనం ఏమీ అనలేం.”

“అంటే ఎవురి బావినైనా పెరుక్కోవచ్చునా సామీ?”

“ఊరికే కాదప్పా. ప్రజా ప్రయోజనం ఉండాల. నీ బావి తీసి ఇంకొకడి మామిడితోటకు ఇస్తామంటే నేను కోర్టులో నిలబడి పోట్లాడతాను. ఇది తాగే నీళ్ళకు. వనరులు నలుగురి మేలుకూ పంచమని రాజ్యాంగంలోనే ఇంకోచోట రాసుంది. కోర్టుకు పోయి ఇప్పించమని అడిగే హక్కు కాదది, సర్కారు మనసులో పెట్టుకోవలసిన మాట. కరువులో ఆ మాటకు బలం జాస్తి.”

శకుంతలమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది.

“ఆ నలుగురిలో మా వల్లెమ్మ లెక్కకొస్తాదా సామీ?”

“ఎవరమ్మా వల్లెమ్మ?”

మునిరామయ్య చెప్పాడు. వకీలు నశ్యం డబ్బీని చేతిలో తిప్పాడు. నెమ్మదిగా అన్నాడు. “ఇంటి దేవత అని చెప్తే, రాయి తీసుకుపోయి ఇంట్లో పెట్టుకోమంటారు. ఊరి దేవత అయితే గుడి కింద లెక్క. గుడి జోలికి పోవడానికి ఆఫీసర్లు వెనకాముందూ ఆడతారు. కానీ లేనిది చెప్పమని నేను చెప్పను.”

ఆయన చెప్పనన్నదే మునిరామయ్య చెవికి ఎక్కింది. బస్సులో దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

పుత్తూరులో విచారణ రోజు. స్పెషల్ తహశీల్దారు మెత్తని మనిషి. అందరినీ బల్లల మీద కూర్చోమన్నాడు. ఊరి తరఫున ప్రెసిడెంటు చెంగల్రాయుడు వచ్చాడు. వాడ తరఫున చెంగమ్మ వచ్చి గోడవారగా నిలబడింది.

“మీ అభ్యంతరం ఏమి పెద్దాయనా?”

“బావికాడ దేవత ఉండాది సార్. బావి ముట్టుకుంటే ఊరికి అరిష్టం.”

“మీ ఇంటి దేవతా, ఊరి దేవతా?”

మునిరామయ్య భార్య వైపు చూడలేదు. “ఊరిదే సార్.”

“అంటే అందరూ వచ్చి మొక్కుకుంటారా?”

“అందరూ వస్తారు సార్.”

“వాడ వాళ్ళు కూడా?”

కాదంటే ఊరి దేవత కాకుండా పోతుంది. మునిరామయ్య వంకర చేతిని మంచి చేత్తో పట్టుకున్నాడు.

“వస్తారు సార్.”

ఆఫీసరు గోడవైపు తిరిగాడు. “ఏమ్మా, మీరు పోతారా?”

చెంగమ్మ శకుంతలమ్మ ముఖం చూసింది. “మొక్కుకుంటాం సార్. గట్టు అవతలనుంచి.”

“ఎన్నాళ్ళుగా?”

“ఆ యమ్మ ఆడ ఉన్నకాడినుంచీ.”

ఆఫీసరు ముఖం తేటపడింది. చిక్కుముడి తనంతట తాను విడిపోయినవాడిలా కలం తీశాడు. “అయితే ఇబ్బందే లేదు కదా! దేవత జోలికి ఎవరూ పోరు. రాయి ఎక్కడిది అక్కడే ఉంటుంది. అందరూ వచ్చిపోయే చోటే కాబట్టి దారి పేచీ కూడా లేదు. ఎప్పటినుంచో అందరిదిగా ఉన్న దాన్నే మనం అందరికీ ఇస్తున్నాం. సంతోషమేనా?”

“సంతోషం సార్” అన్నాడు చెంగల్రాయుడు. మునిరామయ్య సంతకం పెడుతుంటే శకుంతలమ్మకు ఆ కలం చప్పుడు కూడా వినబడింది.

బస్సు దిగి నడిచి వచ్చేటప్పుడు మగవాళ్ళు ముందు పోయారు. వెనక శకుంతలమ్మ, ఇంకా కొంచెం వెనక చెంగమ్మ.

“అమ్మా, కోపమా?” అంది చెంగమ్మ.

“నువ్వు అబద్ధం ఏమి చెప్పినావు? మా ఆయన కంటే నువ్వే నయం.”

“మీ ఆయన మా గొప్పగా చెప్పినాడులే. వాడోళ్ళు కూడా వస్తారంట! ఇని నాకే కడుపు నిండిపాయ. మాకే తెలీకుండా ఎప్పుడొచ్చినామో!” చెంగమ్మ నవ్వింది. శకుంతలమ్మకు కూడా, తనకు తెలియకుండానే, పెదవి కదిలింది. అంతలోనే చెంగమ్మ నవ్వు ఆపేసింది.

“ఒక మాట సెప్తా. తప్పనుకోవద్దు. నాకు ఈత వచ్చు.”

శకుంతలమ్మ నడక ఆగింది.

“ఏట్లో పెరిగినదాన్ని. ఆ పొద్దు గట్టుకాడికొచ్చేసరికి బిడ్డ చెయ్యి ఇంకా పైనే ఉండాది. రెండు మెట్లు దిగుంటే అందేది. కాళ్ళు పోలేదు. ఎవురూ ఆపలేదమ్మా, నా కాళ్ళే ఆగిపోయినాయి. అరిచినా. అరవడం ఒకటే నాకు తెలిసింది.”

దారికి రెండు వైపులా చేలు బీడుపడి ఉన్నాయి. శకుంతలమ్మ ఏదో అడగాలనుకుంది. వల్లెమ్మ చెయ్యి ఎట్లా ఉండింది, గాజులు కనబడినాయా అని. అడగలేకపోయింది. ఇద్దరూ పక్కపక్కనే ఊరిదాకా నడిచారు. ఆ దారిలో వాళ్ళు పక్కపక్కన నడవడం అదే మొదలు.

ఆయిలింజను పెట్టి బావి తోడేటప్పుడు శకుంతలమ్మ వెనక తలుపు మూసేసుకుంది. అయినా ఇంజను డబడబలు ఇంట్లోకి వస్తూనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి నిలిచిన నీరు చేలోకి పారింది. ఆ మట్టివాసన మూసిన తలుపు సందుల్లోనుంచి వచ్చి వంటింట్లో నిలబడింది. పూడిక తీసేవాళ్ళు బురదను తట్టల్లో పైకి అందిస్తుంటే ఒక తట్టలో బిందె వచ్చింది.

చెంగల్రాయుడే పరుగున వచ్చి చెప్పాడు. “వదినా, బిందె దొరికింది! సూడు, సొట్ట అట్లే ఉండాది!”

ఆమె చెప్పులు కూడా లేకుండా పోయింది. అప్పటికే బిందెను కడిగి, పసుపు రాసి, రాయి ముందు పెట్టేశారు. పక్క ఊరినుంచి వచ్చిన కూలీలు దానికి చేతులెత్తి మొక్కుతున్నారు. దేవత తన బిందెను తానే బయటపెట్టిందని ఒకరు, అది నీళ్ళు వచ్చే గుర్తు అని ఇంకొకరు అంటున్నారు.

“అది నాది” అంది శకుంతలమ్మ. “ఇంటికి తీసుకుపోతా.”

చెంగల్రాయుడు ఆమెనూ కూలీలనూ మార్చిమార్చి చూశాడు. గొంతు తగ్గించాడు. “నాకు తెలీదా వదినా? బిడ్డను నేను ఎత్తుకుని తిరిగినాను. కానీ నలుగురూ మొక్కిన దాన్ని ఇప్పుడు ఎట్ల ఎత్తుకుపోతావు? ఊరి దేవత అని ఆఫీసులో రాయించింది మునిరామన్నే గదా. ఊరి దేవత సొమ్ము ఇంటికి పోతే, ఆ రాసింది అబద్ధం కాదా? అన్న మీదికి వస్తాది.”

మునిరామయ్య దూరంగా, వేరుశనగ చేని గట్టు, గనిమ మీద నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గరికి రాలేదు. శకుంతలమ్మ ఒక్కసారి బిందె మూతి మీద చెయ్యి పెట్టి, సొట్టలో వేలు ఆనించి, తీసేసింది.

బావి చుట్టూ గోడ కట్టారు. గిలకలు పెట్టారు. పాచి మెట్లు మూసేశారు. ఊరివాళ్ళకు ఒకవైపు, వాడవాళ్ళకు ఒకవైపు అని మొదట గొణుగుడు లేచింది. “దేవత అందరిదీ అని రాసినారంటనే, నీళ్ళకు మాత్రం వైపులేంది?” అని చెంగమ్మ అడిగితే ఆ గొణుగుడు అణిగిపోయింది. ఆ ఎండాకాలం ఎగువకండ్రిగలో ఎవరూ పక్క ఊరికి పోయి తిట్లు తినలేదు. శకుంతలమ్మకు ఇదంతా తెలుసు. మంచిదని కూడా తెలుసు. చెంగమ్మ మనవరాలు నిండు బిందెతో పోతూ తొణికిన నీళ్ళకు నవ్వితే ఆమెకు కడుపులో చల్లగానే ఉండేది.

అయినా దీపాలు పెట్టేవేళ ఆమె వెనక వాకిట్లో నిలబడితే, అవతల బిందెల చప్పుడే చప్పుడు. గిలకలు కీచుమంటున్నాయి, ఆడవాళ్ళు కేకలేసుకుంటున్నారు, బిందె మీద బిందె మునుగుతోంది. ఆ అన్నింటిలో ఊపిరి పట్టి ఆగే బిందె ఏదని చెవి రిక్కించేది. దొరికేది కాదు. జనం పోయాక కూడా నిలబడేది. అప్పుడు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఇన్నేళ్ళుగా ఆమె భయపడింది చప్పుడుకు కాదు, ఈ లేమికి. పరాయి చెయ్యి తగిలితే అని అత్త చెప్పిన మాట గుర్తొచ్చేది. తిరిగి చూడకుండా.

ఆమె బాగా చిక్కిపోయింది. మునిరామయ్య తానే కలిపిన అన్నం ముద్ద చేతిలో పెట్టి, “నన్ను తిట్టన్నా తిట్టు మే” అన్నాడు. ఆమె తిట్టలేదు. ముద్ద మింగింది.

ఆడినెల వచ్చింది. ఆ శుక్రవారం ఆమె కొత్త పరికిణీ ఓణీ ఒళ్ళో పెట్టుకుని పోయేసరికి బావిగట్టున వరస ఉంది. సత్యవేడు వైపునుంచి, తిరుచానూరు పూలంగళ్ళనుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. రాయికి వెండి కళ్ళు పెట్టారు. ముందు గుట్టగా పావడలు పేర్చి ఉన్నాయి. అన్నీ చిన్నవే, పసిపిల్లల కొలతవి. ఒక్కొక్కరూ సొట్టబిందెను గిలకతాడుకు కట్టి, బావిలో ముంచి, ఆ నీళ్ళు రాయి మీద పోసి మొక్కుకుంటున్నారు. శకుంతలమ్మ వరస చివరకు పోయి నిలబడింది.

ముందున్న పెద్దామె తమిళ సరిహద్దు అవతలి యాసలో పలకరించింది. “మొదటిసారా అమ్మా? ఈ తల్లి కథ తెలుసునా? ఊరికి నీళ్ళు లేకపోతే, నేనే పోతా అని బిందెతో సహా దూకేసిందంట. చిన్న పిల్లే! నలుగురి కోసం.”

“జారింది” అంది శకుంతలమ్మ.

“ఏమి?”

“దూకలేదు. మెట్టు మీద పాచి ఉండాది. జారింది.”

పెద్దామె రెండు చెంపలూ వేసుకుంది. “అట్ల సొల్లకూడదమ్మా, తప్పు. దేవుడి దగ్గర ఏమి మాటలవి!” అని ముందుకు జరిగి, ఆమెకు కొంచెం ఎడంగా నిలబడింది.

శకుంతలమ్మ వంతు వచ్చింది. తాడు పట్టుకుని బిందెను వదిలింది. లోపల నల్లగా, చల్లగా ఉంది. బిందె నీటిని తాకి, సగం మునిగి, ఆగింది.

ఊపిరి పట్టినట్టు ఆగింది.

వెనక జనం, గిలకలు, పిల్లల ఏడుపులు అన్నీ దూరమైపోయాయి. అదే చప్పుడు. ఇన్నేళ్ళూ చేను దాటి వంటింటిదాకా వచ్చిన చప్పుడే. తరువాత గబగబా నిండి, బరువుగా తాడును లాగింది, కింద ఎవరో పట్టుకున్నట్టు. ఆమె లాగలేదు. కాసేపు ఆ బరువును అట్లాగే పట్టుకుని నిలబడింది.

“తొందరగా కానియ్యమ్మా, ఎనక అందరమూ ఉండాము!” అని ఎవరో అరిచారు.

ఆమె బిందెను పైకి లాగింది. రాయి మీద పోయలేదు. దోసిలి పట్టి, వల్లెమ్మ పోయాక మొదటిసారి ఆ నీళ్ళు తాగింది. ఒళ్ళో ఉన్న పొడుగాటి పరికిణీని చిన్న పావడల గుట్ట మీద పెట్టలేదు, తిరిగి కొంగులో చుట్టుకుంది.

వెనక ఉన్నది చెంగమ్మ. చెయ్యి చాచి నిలబడి ఉంది. శకుంతలమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. బిందెను దాని మూతి దగ్గర, సొట్ట ఉన్నచోట పట్టుకుని, ఆ చేతికి అందించింది.